అగ్గిపెట్టెల్లో ఫోర్ట్రాన్

పోయిన వారం చోడవరం నుంచి ఫోన్ వచ్చింది. టైపు పంతులమ్మ గారు పోయారట. తొంభై దాటాయి, నిద్రలోనే పోయారు, ఏడవడానికేమీ లేదు అని ఫోన్ చేసినావిడే చెప్పి, ఆవిడే ఏడ్చింది. తనూ నాలాగే ఆవిడ టైపు ఇన్‌స్టిట్యూట్ బల్ల మీద కూర్చుని లేచిన మనిషి.

ఆవిడకి పేరు లేక కాదు. బోర్డు మీద ఉండేది కూడా. కానీ ఆ పేరుతో పిలిచినవాళ్లని నేను చూడలేదు. పోస్టుమేన్ సైతం గుమ్మంలోంచి "టైపు పంతులమ్మ గారూ, ఉత్తరం!" అనే కేకేసేవాడు. పొడుగ్గా, భుజాల దగ్గర కొంచెం వంగి ఉండేవారు. మెడలో గొలుసు ఉండాల్సిన చోట ఒక దారం, దానికి టైపు తప్పులు చెరిపే గుండ్రటి రబ్బరు వేలాడుతూ ఉండేది. ఎవరైనా నవ్వు తెప్పించే మాటంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవారు కాదు, ఆ రబ్బరు పట్టుకుని పైకీ కిందకీ లాగేవారు. ఆవిడ సొంత సంగతులు ఆవిడ చెప్పలేదు, మేం అడగలేదు.

డెబ్బైల మొదట్లో నేను అనకాపల్లిలో బి.ఎస్సీ. లెక్కలు పాసై ఇంట్లో కూర్చున్నాను. మాది బుచ్చయ్యపేట దగ్గర పల్లె. నాన్నకి చెరుకు, కొంచెం వరి. ఉద్యోగం వచ్చేదాకా టైపు నేర్చుకొమ్మని నాన్నే పంపాడు. రోజూ పొద్దున్నే బస్సెక్కి చోడవరం వెళ్లేదాన్ని. పాత మేడ కింద పొడుగాటి గది, ఏడు మిషన్లు. అందులో ఒకదానికి ఇంగ్లీషు 'ఇ' అక్షరం సరిగ్గా పడదు. కొత్తగా చేరినవాళ్లకి అదే ఇచ్చేవారు. "అక్షరం పడనప్పుడే వేలికి బలమొస్తాది" అనేవారు పంతులమ్మ గారు.

ఆవిడ బయటి కాగితాలు కూడా టైపు చేసేవారు. వాల్తేరు యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న ఒకతను, రోలుగుంటవాడు, తన సిద్ధాంత గ్రంథం తెచ్చి ఇచ్చాడు. నూట అరవై పేజీలు టకటకా కొట్టేసి, ఆఖరి రెండు పేజీల దగ్గర ఆగిపోయారు ఆవిడ. అతను వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"బాబూ, ఇక్కడ తప్పు రాసేరు" అన్నారు. పెన్సిల్‌తో గీత గీసి ఉంచిన చోట చూపించారు. N = N + 1 అని ఉంది.

"తప్పు కాదు మేడమ్. అలాగే కొట్టెయ్యండి."

"ఎలగవుతాదండీ? ఒసే గౌరీ, నువ్వు లెక్కల గుంటవి కదా. సెప్పు, అవుతాదా ఇది?"

"అవదండీ" అన్నాను, డిగ్రీ ఉన్న ధైర్యంతో.

అతను నవ్వాడు. "అది లెక్క కాదు. కంప్యూటరుకి రాసే భాష. ఫోర్ట్రాన్ అంటారు."

"అయితే అదేటో సెప్పండి. సెప్పకుండా నాను కొట్టను."

"ముందు నూట అరవై పేజీలూ తెలిసే కొట్టారా?"

"లేదు. అవి తెలీనివి, తెలీనట్టే ఉన్నాయి. ఇది తెలిసినట్టే ఉండి తెలీడం లేదు. అదీ నా బాధ."

అతను జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. సిగరెట్ల సంగతి బయటపడిందని కాస్త సిగ్గుపడ్డాడు కూడా. N అంటే అంకె కాదు, ఒక పెట్టె అన్నాడు. ఇందులో ఐదు పుల్లలున్నాయనుకోండి. ఐదూ తీసి, ఒకటి కలిపి, ఆరూ మళ్లీ ఇందులోనే పెట్టండి. మధ్యనున్న ఆ రెండు గీతలకీ అర్థం 'సమానం' అని కాదు, 'పెట్టు' అని.

ఆవిడ పెట్టె చేతిలోకి తీసుకుని తెరిచారు, మూశారు.

"మరి పాత ఐదు ఏటైంది?"

"పోయింది."

"మళ్లీ రాదా?"

"రాదు."

"అయ్యో" అన్నారు ఆవిడ, తెలిసినవాళ్లెవరికో ఏదో అయినట్టు.

ఆ అగ్గిపెట్టె అతనికి తిరిగి ఇవ్వలేదు. అతను రెండు వారాలకోసారి శనివారం ఊరికి వచ్చేవాడు. మరుసటిసారి వచ్చినప్పుడు, తను నేర్చుకున్న సైక్లోస్టైల్ నోట్సు తెచ్చి ఇచ్చాడు. మొత్తం అరవై పేజీలు. మధ్యలో పదిహేడు నుంచి ఇరవై నాలుగు దాకా లేవు. ఎవరో తీసుకుని ఇవ్వలేదట. ఆ పేజీల్లో ఏముందని అడిగితే తలగోక్కుని, "ఏవో షార్ట్‌కట్‌లండీ, అవి లేకపోయినా నడుస్తుంది" అన్నాడు.

అప్పటికి ఆవిడకి నలభై మూడేళ్లు. కంప్యూటరు ఎలా ఉంటుందో ఫొటోలో కూడా చూడలేదు.

ఆవిడ మొదట చేసిన పని ఆ నోట్సు మొత్తం టైపు చెయ్యడం. రెండుసార్లు చేశారు. "సదివితే కంట్లోకొస్తాది, కొడితే సేతిలోకొస్తాది. సేతిలోకొచ్చింది బేగి పోదు" అన్నారు. ఫోర్ట్రాన్‌లో ప్రతి వాక్యం ఏడో గడి నుంచే మొదలవ్వాలి, డెబ్బై రెండో గడి దాటకూడదు. ఆ నియమం చదివి ఆవిడ మురిసిపోయారు. మిషను మీద ఏడో గడికి ఆపు పెట్టారు, డెబ్బై రెండు దగ్గర పడుతుండగా గంట మోగేలా మార్జిను సవరించారు. "సూసేవా, ఈ భాష మన టైపోళ్ల కోసమే పుట్టింది" అన్నారు.

నన్నూ, ఇంకో ఇద్దరు అమ్మాయిల్నీ పక్కన కూర్చోబెట్టుకున్నారు. డిగ్రీ ఉన్న నాకు నోట్సులో పదో పేజీ దాటేసరికి కళ్లు తిరిగేవి. చదివి చదివి అంతా తెలిసినట్టుండేది, రాయమంటే పెన్ను కదిలేది కాదు. ఒక రోజు ఆవిడ నా చేతిలోంచి నోట్సు లాక్కుని మూసేశారు.

"సదవడం ఆపీ. కంప్యూటరు మిషను దాన్ని సదవదు, సేస్తాది. నువ్వూ సెయ్యి."

అలా అగ్గిపెట్టెలు మొదలయ్యాయి. ఖాళీ పెట్టెలు ఊరంతా అడిగి తెచ్చాం. పెట్టె మీద పేరు, లోపల చీటీ మీద అంకె. ఒక పెట్టెలో ఒక్క చీటీయే ఉండాలి, కొత్తది వస్తే పాతది చింపెయ్యాలి. ప్రోగ్రాం కాగితం మధ్యలో పెట్టి, పై నుంచి ఒక్కో లైనూ వేలు పెట్టి చదువుతూ, అందులో ఏం రాసి ఉంటే అదే చెయ్యాలి. మనసులో అనుకున్నది చెయ్యకూడదు. అదే కష్టం. నేను తొందరపడి రాయనిది చేసేస్తే, ఆవిడ స్కేలుతో బల్ల మీద కొట్టేవారు. "అది కాగితం మీదుందేటి? నీ బుర్రలో ఉన్నది మిషనుకెవడు సెప్పేడు?"

ఫోర్ట్రాన్‌లో 'ఇఫ్' అనే మాట ఉంది. ఒక అంకెలోంచి ఇంకో అంకె తీసివేసి, వచ్చినదాన్ని బట్టి మూడు దారుల్లో ఒక దారి పట్టాలి. అది మా ఎవరికీ తలకెక్కలేదు. ఆవిడ మమ్మల్ని వీధి గుమ్మంలోకి తీసుకెళ్లి బస్సులు చూపించారు. "మైనస్ వస్తే దేవరాపల్లి బస్సెక్కు. సున్నా వస్తే బుచ్చయ్యపేట. ప్లస్ వస్తే రోలుగుంట. ఇక్కడే నిలబడిపోవడం మాత్రం కుదర్దు." ఆ తర్వాత నేను ఇఫ్ ఎప్పుడూ తప్పు రాయలేదు.

ప్రోగ్రాం పెట్టెలతో మూడుసార్లు నడిచాకే రోలుగుంట అతని చేతికిచ్చేవారు. అతను వాల్తేరులో దాన్ని అట్ట కార్డుల మీద చిల్లులుగా కొట్టించి, మిషనుకి పెట్టి, అది అచ్చేసిన కాగితం మళ్లీ వచ్చినప్పుడు తెచ్చేవాడు. మా మొదటి ప్రోగ్రాం ఐదు లైన్లు. రెండు వారాల తర్వాత వచ్చిన కాగితం నిండా తప్పులే. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కోటీ పైకి చదివారు.

"ఏడు! ఐదు లైన్లు రాస్తే మిషను మనకి ఏడు ఉత్తరాలు రాసిందే!" అని రబ్బరు పట్టుకుని లాగడం మొదలుపెట్టారు.

ఆ రోజు నుంచి ఒక నోటుబుక్కు పెట్టారు. ఎడమ పక్క మేం చేసిన తప్పు, కుడి పక్క దానికి మిషను అన్న మాట. అది చాలక, ప్రతిసారీ కావాలని ఒక తప్పు పెట్టిన కాగితం కూడా పంపేవారు, ఏమంటుందో చూద్దామని. రోలుగుంట అతను విసుక్కునేవాడు. ఆవిడ వినేవారు కాదు. "తోవ తెలిసినోడికి ఒక్క తోవే తెలుసు బాబూ. తప్పిపోయినోడికి ఊరంతా తెలుసు" అనేవారు.

ఇదంతా మా నాన్న చెవిన పడింది. ఒక మధ్యాహ్నం చెప్పకుండా వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి చూస్తే, ముగ్గురం అగ్గిపెట్టెలు చుట్టూ పెట్టుకుని కూర్చున్నాం.

"పంతులమ్మ గారూ, మా గుంటని టైపుకి పంపించేను. ఇదేటిది? అగ్గిపెట్టెలాటా?"

ఆవిడ లేచి కుర్చీ జరిపారు. "సమయానికొచ్చేరు. మాకో మనిషి తక్కువైపోతన్నాడు. కూర్సోండి."

"నానేటి సేస్తాను?"

"ఈ పెట్టె పట్టుకోండి. గౌరి ఒక్కో సీటీ అందిస్తాది. మీ పెట్టెలో ఉన్నదాని కంటే అది పెద్దదైతే, మీది సింపీసి అది పెట్టుకోండి. కాకపోతే వచ్చినదాన్నే సింపీండి. అంతే."

నాన్న మొహమాటానికి కూర్చున్నాడు. నేను చీటీలు ఇచ్చాను. పద్నాలుగు, తొమ్మిది, ముప్పై ఒకటి, ఇరవై రెండు. మూడో చీటీకల్లా నాన్న ముందుకి వంగాడు. పదోది అయ్యాక పెట్టె తెరిచి చూసుకున్నాడు. అన్నిట్లోకీ పెద్దదే ఉంది.

"ఓస్, ఇదేనా! సంతలో గిత్తని బేరమాడినట్టే కదా. సేతిలో ఒకటి పట్టుకుంటాం. దాని కన్నా మంచిది కనపడితే దీన్నొగ్గేసి దాన్ని పట్టుకుంటాం. సంత సివర్న సేతిలో ఏదుంటే అదే మనది."

పంతులమ్మ గారు మా వైపు తిరిగి, "రాసుకోండే, ఆ మాట అలాగే రాసుకోండి" అన్నారు. నేను నోట్సులో అందుకోలేని ముక్క నాన్న సంత భాషలో చెప్పేశాడు. ఇంటికి వెళ్తూ బస్సులో అడిగాడు.

"అయితే ఆ మిషను అన్నీ ఒకేపాలి సూడలేదా?"

"లేదు నాన్నా. రెండేసి పక్కపక్కన పెట్టుకుని చూస్తుంది."

"నాలాగే" అన్నాడు. ఇంకెప్పుడూ దాన్ని ఆట అనలేదు.

ఏడాది గడిచాక, విశాఖపట్నంలో ఒక ఆఫీసు తను తెచ్చుకుంటున్న కంప్యూటరుకి ప్రోగ్రాములు రాయడం నేర్చుకునేవాళ్లు కావాలని ప్రకటన ఇచ్చింది. నా దరఖాస్తు పంతులమ్మ గారే టైపు చేశారు. పరీక్షకి నాతో తనూ వచ్చారు. లోపల పన్నెండు మంది ఉన్నాం, ఆడపిల్లని నేనొక్కదాన్నే. మిగతావాళ్లు కాలేజీల్లో కోర్సు చదివినవాళ్లు. ఇరవై అంకెలు చదివి, వాటిలో పెద్దది ఏదో, అది ఎన్నో స్థానంలో ఉందో చెప్పే ప్రోగ్రాం రాయమన్నారు. నాకు మా నాన్న గిత్త కనపడింది. చకచకా రాశాను. అందరికంటే ముందు కాకపోయినా, మధ్యలో లేచి ఇచ్చాను.

పరీక్ష పెట్టిన ఆఫీసరు అక్కడే కాగితం చూశాడు. కనుబొమలు పైకి లేచాయి.

"డూ వాడలేదేం?"

"డూ అంటే ఏంటండీ?" అన్నాను.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఒకరి నవ్వు నలుగురికి అంటుకుంది. తర్వాత తెలిసింది, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడానికి ఫోర్ట్రాన్‌లో ఉన్న మాట అది. ఆ భాష నేర్చుకునే ఎవరైనా మొదటి వారంలో నేర్చుకునేదే. ఆఫీసరు కాగితం పక్కన పెట్టాడు. నేను బయటికి వచ్చేశాను.

వరండాలో బెంచీ మీద కూర్చున్న పంతులమ్మ గారికి జరిగింది చెప్పాను. ఓదారుస్తారనుకున్నాను. ఆవిడ చటుక్కున లేచి, తలుపు తోసుకుని లోపలికి వెళ్లిపోయారు. నేను వెనకే పరిగెత్తాను.

"నమస్కారమండీ. ఈ గుంటకి నేర్పించింది నానే. మాకాడున్న పుస్తకంలో పదిహేడు నుంచి ఇరవై నాలుగు దాకా పేజీల్లేవు. దానికి ఉద్యోగం ఇవ్వండి, మానండి, అది మీ ఇష్టం. ఆ డూ అంటే ఏటో మాత్రం సెప్పండి."

గదిలో ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు ఒక కాగితం వెనక్కి తిప్పి, రెండు లైన్లు రాసి చూపించాడు. ఇక్కణ్ణుంచి ఇక్కడి దాకా ఉన్న పని ఇరవై సార్లు చెయ్యి అని చెప్పడమే డూ అన్నాడు. ఆవిడ ఆ లైన్ల మీద వేలు పెట్టి ఒకసారి నడిపి చూశారు. పెదవులు కదులుతున్నాయి. తర్వాత నా జవాబు కాగితం అడిగి తీసుకుని దాని పక్కన పెట్టారు.

"ఒకటి పెట్టుకోడం, ఒకటి కలుపుకోడం, ఇరవై అయిందా లేదా సూసుకోడం, కాకపోతే ఎనక్కెళ్లడం. నాలుగు లైన్లు రాసేం మేం. మీవి రెండే లైన్లు. పని అదే కదండీ?"

"అదే" అన్నాడాయన.

ఆవిడ నా వైపు తిరిగారు. మొహం వెలిగిపోతోంది. "ఒసే గౌరీ, పేజీల్లేకుండానే డూ కనిపెట్టేసేమే మనం!"

ఆఫీసరు కూడా నవ్వాడు, అయితే ఆ నవ్వు వేరు. సొరుగులోంచి తన సొంత పుస్తకం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "మీకు లేని పేజీలు ఇందులో ఉంటాయి. ఇక్కడే కూర్చుని రాసుకుని ఇచ్చెయ్యండి."

వరండాలో ఇద్దరం చెరో సగం పంచుకుని రాసుకున్నాం. ఎదురుగా అద్దాల తలుపు వెనక ఇనప బీరువాల్లాంటివి నాలుగు కనపడుతున్నాయి. అదే కంప్యూటరు అని ప్యూను చెప్పాడు. ఆవిడ తలెత్తి కాసేపు చూసి, "దీని అన్నదమ్ముడికేనన్నమాట ఏడాదిగా ఉత్తరాలు రాస్తన్నాం" అని మళ్లీ రాతలో పడ్డారు.

"మీరు కూడా దరఖాస్తు పెట్టాల్సిందండీ" అన్నాను.

"పెట్టేను. వయసు దాటిపోయిందని తిప్పి పంపించేరు."

నా పెన్ను ఆగిపోయింది. ఆవిడది ఆగలేదు. "రాయవే. బస్సు టైమైపోతాది" అన్నారు.

మూడు వారాలకి నాకు ఉత్తరం వచ్చింది. ఉద్యోగం వచ్చింది. నాన్న బెల్లం దిమ్మ ఒకటి భుజాన పెట్టుకుని ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లి, ఏడు మిషన్ల దగ్గరున్న వాళ్లందరికీ తన చేత్తో పంచాడు. పంతులమ్మ గారు బోర్డు మీద టైపు, షార్ట్‌హ్యాండ్ కింద ఫోర్ట్రాన్ అని మూడో లైను రాయించారు. అది మోకాళ్ల నొప్పులకి పనిచేస్తుందా అని ఒక ముసలాయన లోపలికొచ్చి అడిగాడట. అయినా ఆ లైను చూసి చేరినవాళ్లు ఏటా ఇద్దరో ముగ్గురో ఉండేవారు. వాళ్లలో కొందరు నా ఆఫీసుకే వచ్చారు.

ఆవిణ్ణి తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మాత్రం ఇవేవీ కావు. ఇంకో ఐదారేళ్ల తర్వాతి సంగతి.

అప్పటికి నేను సీనియర్ని. ఆఫీసులన్నీ కోబాల్ అనే ఇంకో భాషకి మళ్లుతున్నాయి. నేను అది నేర్చుకుని, ఒక స్కూలు గది అడిగి తీసుకుని, ఆదివారాలు కుర్రవాళ్లకి పాఠం చెప్పేదాన్ని. పాతిక మంది వచ్చేవారు. నేను గబగబా చెప్పేదాన్ని, వాళ్లు గబగబా తలలూపేవారు. బాగానే చెబుతున్నానని అనుకునేదాన్ని.

ఒక ఆదివారం పాఠం మొదలయ్యాక చూస్తే రెండో బెంచీలో పంతులమ్మ గారున్నారు. జుట్టు సగం నెరిసింది. ఒళ్లో కొత్త నోటుబుక్కు. చోడవరం నుంచి మొదటి బస్సు పట్టుకుని వచ్చారట. నేను మాట ఆపి దిగబోతే, కానీ కానీ అన్నట్టు చెయ్యి ఊపారు.

ఆ రోజు 'మూవ్' అనే మాట చెబుతున్నాను. ఒక చోటున్నదాన్ని ఇంకో చోటికి మూవ్ చెయ్యడం. రెండు వాక్యాల్లో ముగించి తర్వాత దానికి వెళ్లబోయాను.

"అర్థం కాలేదండీ" అని వినపడింది. ఆవిడే. నన్ను అండీ అంటున్నారు. "మూవ్ అంటే ఇక్కడిది తీసి అక్కడ పెట్టడం. తీసీసినాక ఇక్కడ ఏటుంటాది?"

"ఇక్కడా అదే ఉంటుంది."

"అలాగైతే అది తీసినట్టెలగైంది?"

ఎవరో నవ్వారు. నేను మళ్లీ చెప్పాను. ఆవిడ రాసుకున్నారు, చూసుకున్నారు, మళ్లీ చెయ్యి ఎత్తారు. "సరే, నకలు పెడతాదన్నమాట. పెద్ద మాట తీసుకెళ్లి సిన్న సోట్లో పెడితే? పది అక్షరాలున్నాయి, ఆరింటికే సోటుంది. ముందువి పోతాయా, ఎనకవి పోతాయా?"

"వెనకవి పోతాయి" అన్నాను.

"అంకెలైనా అంతేనా?"

నోరు తెరిచాను. చెప్పబోయాను. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదని అప్పుడు తెలిసింది. రెండేళ్లుగా ఆ మాట రోజూ రాస్తున్నాను, ఇది ఒక్కసారీ నన్ను నేను అడగలేదు. పాతిక మంది నా మొహం వంకే చూస్తున్నారు. ఏదో ఒకటి అనేసి దాటెయ్యొచ్చు. వాళ్లు తలలూపేస్తారు కూడా.

ఆవిడ పెన్ను పట్టుకుని ఎదురు చూస్తున్నారు. నన్ను పరీక్షించడానికి కాదు. నిజంగా తెలీక.

"నాకు తెలీదు" అన్నాను. "రేపు ఆఫీసులో రాసి చూసి, వచ్చే ఆదివారం చెబుతాను."

పంతులమ్మ గారు ఆ ప్రశ్నని నోటుబుక్కులో రాసుకుని, కింద జవాబుకి నాలుగు గీతలు ఖాళీ వదిలారు. అప్పుడు ఆఖరి బెంచీలోంచి, మూడు నెలలుగా ప్రతి మాటకీ తలూపుతూ వచ్చిన ఒక అబ్బాయి మెల్లగా చెయ్యెత్తాడు.

"మేడమ్, మరి... మొదటి వారం చెప్పిందే నాకు అర్థం కాలేదండీ."

"నాక్కూడా" అన్నారు ఇంకెవరో. తర్వాత ఇంకొకరు.

నేను బోర్డు మొత్తం తుడిచేసి, మొదటి నుంచి మొదలుపెట్టాను.